ఇరవై మూడు ప్రశ్నార్థకాలు

తత్వశాస్త్రానికీ సాహిత్య విమర్శకీ పెళ్లి చేసింది మా తాతయ్య. పండితులు ఎన్ని లావుపాటి పుస్తకాలు రాసుకున్నా ఈ ఒక్క మాట మాత్రం మారదు. ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా తిరుగుతున్న రోజుల్లో, అంటే పోయిన శతాబ్దం సగానికి వచ్చిన రోజుల్లో, రెంటినీ ఒకే గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టిన మనిషి ఆయనే. చదివింది ఏడో తరగతి. చేసింది అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని. తాను పెళ్లి చేశానని ఆయనకు తెలిసేసరికి పత్రిక కట్టలు కట్టలుగా పోస్టులో వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు ఆయన కడుపు నిండా తిన్నది లేదు, కంటి నిండా నిద్రపోయింది లేదు.

ఆ మూడు నెలల గురించే ఇది. పదో తరగతి దగ్గర నేను చదువుతో తెగతెంపులు చేసుకున్నాను కాబట్టి, ఇందులో తత్వం కాస్త తక్కువై తాతయ్య కాస్త ఎక్కువైతే పెద్దలు సర్దుకోవాలి.

అచ్చాఫీసు ఒక రెండంతస్తుల ఇంటి కింది భాగంలో ఉండేది. ముందు గది యజమానిది. దాని తలుపుకి పై సగం అద్దం. వెనక పొడుగాటి గదిలో కిటికీల వెంట వాలుబల్లలు, వాటి మీద గళ్లు గళ్లుగా చెక్కపెట్టెలు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, సీసంతో పోసినవి, వందల కొద్దీ. తాతయ్య ఎడమచేతిలో అరచెయ్యంత ఇనప పట్టీ పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరి అందులో వరసగా నిలబెట్టేవాడు. పట్టీ నిండితే ఆ వరసల్ని ఒక పొడుగాటి ఇనప పళ్లెంలోకి దించేవాడు. ఆ పళ్లేన్ని గ్యాలీ అంటారు. గ్యాలీ నిండాక అక్షరాల చుట్టూ దారం బిగించి కట్టాలి. కట్టకపోతే మోచెయ్యి తగిలినా చాలు, ఎంతటి మహాకవైనా గుప్పెడు సీసం అయిపోతాడు.

రోజుకు తొమ్మిది గంటలు నిలబడే చేసేవాడు. బల్ల మీది కాగితాన్ని ఎటువైపు నుంచైనా చదవగలడు. సీసంలో అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కదా, అది చదివీ చదివీ కన్ను అలా అలవాటు పడిపోయింది. ఇప్పటికీ బస్సులో ఆయన ఎదురు సీట్లో కూర్చుని ఎవరూ ఉత్తరం విప్పుకోకపోవడం మంచిది.

రచయితల్ని గుర్తుపట్టడానికి ఆయనకి వేరే పద్ధతి ఉండేది. ఎవరి వ్యాసం వస్తే ఏ గడి ఖాళీ అవుతుందో చూసేవాడు. ఆ అచ్చాఫీసు వాళ్లదే మూడు నెలలకోసారి వచ్చే ఒక సాహిత్య పత్రిక ఉండేది. యజమానే దానికి సంపాదకుడు కూడా. అందులో ప్రతి సంచికలోనూ ఇద్దరు కత్తులు నూరుకునేవారు. ఒకాయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మాస్టారు. ఏ విషయం ఎత్తుకున్నా మూడో పేజీకల్లా శూన్యం దగ్గర తేలేవారు కాబట్టి అచ్చాఫీసులో ఆయన పేరు శూన్యం మాస్టారు. ఆయన వ్యాసం పేరిస్తే ప్రశ్నార్థకాల గడి అడుగు కనిపించేది. రెండో ఆయన విమర్శకుడు, భూతద్దం గారు. నిజంగానే జేబులో భూతద్దం ఉండేది. కవిత మీదకి దాన్ని పట్టుకుని వంగితే లేచేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఆయన రాతలో ప్రశ్న అనేదే ఉండదు. అన్నీ తీర్పులే. కొటేషన్ గుర్తులు మాత్రం ఎన్ని ఉన్నా చాలవు.

ఇద్దరికీ ఆరేళ్లుగా చుక్కెదురు. భూతద్దం గారి వాదం ఇది: కవిత ముందు కూర్చునేటప్పుడు నీ తత్వాన్ని తడిసిన గొడుగులా గుమ్మం బయట పెట్టి రా. పేజీ మీదున్న మాటలే చూడు. రాసినవాడు ఎవడో, ఏం నమ్మేవాడో నీకు అక్కర్లేదు. శూన్యం మాస్టారు దానికి జవాబు రాసేవారు: గొడుగు బయట పెట్టి వచ్చానని నువ్వు అనుకుంటున్నావు. ‘ఇది మంచి కవిత’ అని నువ్వు నోరు తెరవగానే నీ జేబులోంచి తత్వం తల బయట పెట్టింది. మంచి అంటే ఏమిటో ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చావు కదా? పెద్ద యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. మనిషి ఎందుకు బతుకుతున్నాడన్న సందేహం చదువుకున్న వాళ్లందరికీ పట్టుకుంది. కవిత్వం దానికి జవాబు చెప్పాలా, కవిత్వంలా ఉంటే చాలదా అని ఎక్కడ చూసినా ఇదే గొడవట. నాకు ఇదంతా తాతయ్యే చెప్పాడు, గోళ్లు తీసుకుంటూ. “ఒకాయన ఇల్లెందుకు కట్టారో చెప్పమంటాడు. ఒకాయన ఇటుకలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమంటాడు. ఇద్దరికీ దస్తూరీ మాత్రం దరిద్రం” అన్నాడు.

తాతయ్య భయస్థుడు. ఈ మాట నేను ఆయన మొహం మీదే అంటాను. పిల్లి ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు. కానీ అచ్చాఫీసులో భయానికి మాత్రం గట్టి కారణమే ఉంది. ఆయన చేరిన రెండో ఏడాది, పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్ద మేస్త్రి రెండు ఫోటోల కింది రాతలు తారుమారు చేశాడు. ఉద్యోగ విరమణ చేసిన ఒక జడ్జి గారి బొమ్మ కింద, ‘కుడి చెవి తెగి ఉంటుంది, పిలిస్తే వస్తుంది, చూసినవారు తెలియజేయగలరు’ అని పడింది. యజమాని కేకలు వెయ్యలేదు. గోడ మీద ఏప్రన్లు తగిలించే మేకు వైపు వేలు చూపించారు. పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి ఏప్రన్ విప్పి, మేకుకి తగిలించి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో ఇంకో అచ్చాఫీసు లేదు. ఆ తర్వాత ఆయన రైల్వే గేటు దగ్గర బుట్టలో జామకాయలు పెట్టుకుని కనిపించేవాడట. తాతయ్య ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

తప్పు జరిగిన ఏడాది మా అమ్మమ్మ ఐదో నెల గర్భిణి. కడుపులో ఉన్నది మా అమ్మ. దర్జీ కొట్టు మీద రెండు అద్దె గదులు. అక్షరాలు పేర్చడం తప్ప తాతయ్య చేతికి ఇంకో పని రాదు. కాబట్టి ఆయన దగ్గర ఉన్నదల్లా ఆ ఉద్యోగం ఒక్కటే.

ఆ సంచికకి ఇద్దరి వ్యాసాలూ ఆలస్యంగా వచ్చాయి. భూతద్దం గారు ఒక కవితను విప్పి చూపించారు. మూసిన తలుపు ముందు నిలబడ్డ ఒక మనిషి గురించిన చిన్న కవిత అది. శూన్యం మాస్టారు భయం గురించి రాశారు. ఊరుకోకుండా అదే తలుపుని ఉదాహరణగా తెచ్చుకున్నారు. తాతయ్య రెండూ పేర్చాడు. పేరా మధ్యలో గ్యాలీ తెగడం ఆయనకి ఇష్టం ఉండదు. పేరా మొదట్లో మొదలై పేరా చివర ముగిసేలా ఒక్కో గ్యాలీ నింపి కట్టేవాడు. చక్కటి పనివాడి అలవాటే. కొంప ముంచింది అదే.

మొదటి ప్రూఫులు ఇద్దరికీ వెళ్లాయి, దిద్ది పంపారు. దిద్దుబాట్లు అయ్యాక తాతయ్య గ్యాలీల్ని కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాడు. ఏ గ్యాలీ ఏ వ్యాసానిదో తెలియడానికి దారం కింద ఒక చీటీ దోపి ఉంచుతారు. ఆ రోజు కిరోసిన్ కాస్త ఎక్కువ పడింది. చీటీల మీద సిరా కరిగి నీలం మరకలు మిగిలాయి. మామూలుగా అయితే రెండో ప్రూఫు తీసి చూస్తారు. కానీ ప్రూఫులు చూసే ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్లాడు. యజమాని అద్దం తలుపు సగం తెరిచి, “రెండో ప్రూఫు లేదు, ఏం లేదు. పేజీలు కట్టేయ్. రేపు పోస్టు” అని మూసేశారు.

తాతయ్య ఒక్కో గ్యాలీ మీద చూపు పారించి కొత్త చీటీలు దోపాడు. ఒకదాని మొదటి వరసలో తలుపు కనిపించింది. నిలబడ్డ మనిషి కనిపించాడు. ఇంకేముంది, భూతద్దం గారిదే అనుకున్నాడు. శూన్యం మాస్టారి మూడో గ్యాలీ వెళ్లి భూతద్దం గారి వ్యాసం మధ్యలో కూర్చుంది. పేరాలు తెగలేదు కాబట్టి అతుకు కూడా కనిపించలేదు. యజమాని ఫారాలు, అంటే అచ్చుకి బిగించిన పేజీలు, చూశారు. ఆయన చూసేది పేజీ నంబర్లు, శీర్షికలు, వ్యాపార ప్రకటనలు. వ్యాసాల జోలికి ఎప్పుడూ పోలేదు.

తొమ్మిది రోజుల తర్వాత తాతయ్య సీసం విడగొడుతున్నాడు. అంటే అచ్చయిపోయిన పేజీల్లోని అక్షరాల్ని మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేయడం. ఈ పని చేసేటప్పుడు చదవరు, వేళ్లే చేసుకుపోతాయి. భూతద్దం గారి పేజీలు విడగొడుతుంటే వేళ్లు ఆగాయి. ప్రశ్నార్థకం. సరే, ఏదో పొరపాటున ఒకటి రాశారు అనుకున్నాడు. ఇంకోటి. మరోటి. గడిలో వేయడం మానేసి బల్ల మీద పక్కన పెడుతూ వచ్చాడు. ఇరవై మూడు అయ్యాయి.

జీవితంలో ఒక్క ప్రశ్న అడగని మనిషి పేజీలోంచి ఇరవై మూడు ప్రశ్నార్థకాలు.

గోడ మీద మేకు వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. అద్దం తలుపు వెనక యజమాని దగ్గారు. తాతయ్య ఇరవై మూడింటినీ గుప్పిట్లో పట్టుకుని గడిలో పడేశాడు. అవి పడ్డ చప్పుడు ఊరంతా విని ఉంటుందనుకున్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మమ్మ కంచం ముందు పెట్టి మొహంలోకి చూసింది.

“ఏమైంది?”

“ప్రశ్నార్థకాలు ఎక్కువొచ్చాయి.”

“ఎక్కువొస్తే మంచిదేగా. తక్కువైనప్పుడు కదా గోల పెడతావు.”

తాతయ్య జరిగింది చెప్పాడు. అమ్మమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ఎవరికైనా దెబ్బ తగిలిందా?”

“లేదు.”

“ఎవరైనా చదివారా?”

“పత్రిక అన్నాక చదవరా?”

“ఎవరూ చదవరని నువ్వేగా అంటావు, కట్టలు కట్టలు తిరిగొచ్చాయని.”

“ఈసారి చదువుతారు. నా ఖర్మ కొద్దీ ఈసారే చదువుతారు.”

చదివారు. రెండు వారాలకు ఉత్తరాలు రావడం మొదలైంది. యజమాని వాటిని విప్పి, రెండు వరసలు చూసి, “ఇవి వచ్చే సంచికలో వెయ్యి” అని తాతయ్య బల్ల మీద పెట్టి వెళ్లేవారు. అంటే తన నేరం గురించి జనం ఏం రాశారో ఆయనే అక్షరం అక్షరం పేర్చాలి. ఒక్కో ఉత్తరం తీసేముందు ఏప్రన్‌కి చేతులు తుడుచుకునేవాడట. తుడిచిన చెయ్యి మళ్లీ తడిసేది. అక్షరం జారి కింద పడేది. వంగి వెతుకుతుంటే గదిలో ఎవరి బూట్ల చప్పుడైనా యజమానిదే అనిపించేది.

మొదటి ఉత్తరం: భూతద్దం గారు ఇన్నాళ్లకి భూతద్దం పక్కన పెట్టి తలెత్తి మనిషిని చూశారు. రెండోది: ఆ తలుపు ముందు పేజీన్నర మన విమర్శలో ఇంతకు ముందు ఎవరూ రాయనిది. ఇంకోటి వేరే ఊరి లెక్చరర్ నుంచి: తత్వం బయట ఉండాలన్న ఆయనే దాన్ని లోపలికి పిలిచి కుర్చీ వేశారు, ఈ పెద్దమనసుకి నమస్కారం. శూన్యం మాస్టారికీ మెప్పులే వచ్చాయి. ఆయన వ్యాసం ఈసారి తిన్నగా, చిక్కు లేకుండా నడిచిందని.

మా తాతయ్య ఇది చూసి సంతోషించాలా వద్దా? నేనైతే ఊరంతా చాటింపు వేసుకునేదాన్ని. ఆయన మాత్రం ఇంకా ముడుచుకుపోయాడు. తిట్టే ఉత్తరమైతే ఒకసారి తిట్టి ఊరుకుంటుంది. పొగిడే ఉత్తరం పదిమందిని పిలుచుకొస్తుంది. ఆ పదిమందిలో ఒక్కడు అనుమానపడితే చాలు. దానికి మించి ఆయన్ని వణికించింది ఇంకొకటి ఉంది. వ్యాసం రాసిన ఇద్దరూ నోరు విప్పలేదు. ప్రూఫులు దిద్దిన మనుషులు, తమ రాత తమకి తెలియదా? తెలిసీ ఎందుకు ఊరుకున్నారు? ఏదో పెద్దదే సిద్ధం చేస్తున్నారని తాతయ్యకి గట్టి నమ్మకం.

సాక్ష్యం యజమాని గదిలోనే ఉంది. చేతిరాత కాగితాల్ని తర్వాతి సంచిక వచ్చేదాకా ఒక నిలువు ఇనప చువ్వకి గుచ్చి ఉంచేవారు. పైగా ఆ అచ్చాఫీసులో ఒక పద్ధతి. ఒక్కో గ్యాలీ ఎక్కడ ముగిసిందో పేర్చినవాడు చేతిరాత పక్కన పెన్సిలుతో తన గుర్తు పెట్టాలి. తాతయ్య గుర్తు తోక ఉన్న సున్నా. ఆ తోక సున్నాలు చూసుకుంటూ పోతే ఏ గ్యాలీ ఎక్కడిదో, ఎవరు పేర్చారో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

“తెచ్చెయ్. పొయ్యిలో పెడతాను” అంది అమ్మమ్మ.

“అది దొంగతనం.”

“ఇప్పుడు చేసింది దానధర్మమా?”

“అది పొరపాటు. ఇది దొంగతనం.”

“సరే, దొంగతనం నీకు రాదులే. వస్తే ఇలా ఎందుకుంటాం.”

ఆ మాట పౌరుషానికి తగిలి, మర్నాడు యజమాని బయటికెళ్లిన సమయంలో తాతయ్య ఆ గదిలోకి వెళ్లాడు. చువ్వ మీద చెయ్యి కూడా వేశాడు. మాస్టారి కాగితాలు అడుగున ఉన్నాయి. పైవన్నీ తీయాలి. నాలుగు తీసేసరికి వెనక తలుపు చప్పుడైంది.

“ఏంటి ఇక్కడ?” అన్నారు యజమాని.

“దుమ్ము పట్టిందండి” అన్నాడు తాతయ్య, చేతిలో గుడ్డ కూడా లేకుండా. ఏప్రన్ అంచుతో చువ్వని పైనుంచి కిందకి శుభ్రంగా తుడిచి, కాగితాలు తిరిగి గుచ్చి, వేలికి కూడా గుచ్చుకుని బయటికొచ్చాడు. అప్పట్నుంచి యజమాని వారానికోసారి పిలిచి మరీ ఆ గది దుమ్ము దులిపించేవారు, ఎదురుగా కూర్చుని.

మూడో నెల వచ్చింది. అమ్మమ్మకి ఎనిమిదో నెల. తాతయ్య చొక్కాలు వదులయ్యాయి. కింద దర్జీ పిలిచి ఊరికే పక్కలు కుట్టిపెట్టాడు. ఇంట్లో ఎవరు తలుపు తట్టినా ఆయన వెళ్లి తీసేవాడు కాదు. అమ్మమ్మే పొట్ట పట్టుకుని లేచేది.

ఒక మధ్యాహ్నం శూన్యం మాస్టారూ భూతద్దం గారూ కలిసి అచ్చాఫీసుకి వచ్చారు. ఇద్దరూ కలిసి రావడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. అద్దం తలుపు మూసుకుంది. తాతయ్య చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. అద్దంలోంచి చూస్తున్నాడు. యజమాని లేచారు. చువ్వ దగ్గరికి వెళ్లారు. కాగితాలు తీశారు. బల్ల మీద పరిచారు. తలుపు తెరుచుకుంది.

“నువ్వు ఇలా రా.”

బల్ల నుంచి ఆ గదికి పదిహేడు అడుగులు. నడుస్తూనే ఏప్రన్ ముడి విప్పి, మడిచి చేతిలో పట్టుకున్నాడు. మేకు దాకా వెళ్లే ఓపిక ఉంటుందో లేదోనని. గదిలోకి వెళ్లి నిలబడి చూస్తే, బల్ల మీద శూన్యం మాస్టారి చేతిరాత, యజమాని వైపు తిరిగి ఉంది. తాతయ్యకి తలకిందులైనా ఒకటే కదా. మూడో గ్యాలీ ముగిసిన చోట తోక సున్నా ఆయన్నే చూస్తోంది.

“నేనేనండి. మాస్టారి మూడో గ్యాలీ తీసుకెళ్లి వీరి వ్యాసంలో కట్టేశాను. చీటీలు తడిసిపోయాయి. తలుపు కనపడితే వీరిదే అనుకున్నాను. ఏప్రన్ ఇక్కడే ఇచ్చెయ్యమంటారా?”

యజమాని కాగితాల మీంచి తలెత్తారు.

“నిన్ను పిలిచింది, వీళ్లిద్దరి వ్యాసాలూ కలిపి పుస్తకం వేస్తే ఎన్ని పేజీలొస్తుందో చెప్తావని. ఈ కాగితాలు వాళ్లవి వాళ్లకి ఇచ్చేద్దామని తీశాను” అన్నారు యజమాని. తర్వాత నెమ్మదిగా, “ఏ గ్యాలీ?” అన్నారు.

భూతద్దం గారు జేబులోంచి భూతద్దం తీసి చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టారు. శూన్యం మాస్టారు పైకప్పు చూస్తున్నారు. యజమాని ఇద్దరి వైపూ చూశారు.

“మీకు తెలుసా?”

“పత్రిక వచ్చిన రోజే” అన్నారు భూతద్దం గారు.

“నాకూ” అన్నారు మాస్టారు.

“మరి చెప్పరేం?”

భూతద్దం గారే ముందు నోరు విప్పారు. “మొదటి వారం చెప్దామనే అనుకున్నాను. రెండో వారం ఉత్తరాలు మొదలయ్యాయి. మూడో వారం మా ఆవిడ చదివింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నేను రాసింది ఆవిడ చివరిదాకా చదవడం అదే మొదలు. ఆ పేజీ నాది కాదని ఇంట్లో ఎలా చెప్పను? రోజూ పొద్దున్నే లేచి, ఈయన ఇవాళ పేపరుకి ఉత్తరం రాస్తాడు, నన్ను దొంగ అంటాడు అని చూసేవాణ్ణి.”

“నేనా? నేను మీకు భయపడి చచ్చాను” అన్నారు శూన్యం మాస్టారు. “నా క్లాసు పిల్లలు వచ్చి, ఈసారి అర్థమైంది సార్ అన్నారు. గుండెకాయ తీసేస్తే అర్థమైందట. మీరది పట్టుకుని, చూశారా, తత్వం తీసేస్తే ఈయన వ్యాసం బాగుపడింది అని రాస్తారని నిద్రపోలేదు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆరేళ్ల యుద్ధం కదా, ఊరికే పోతుందా.

“అయినా మీకు ఇబ్బందేంటి? రాసినవాడెవడో చూడొద్దు, మాటలే చూడమని మీరేగా అంటారు. చూసుకోండి మరి. మాటలు మీ వ్యాసంలోనే ఉన్నాయి” అన్నారు మాస్టారు.

“ఆలోచన ఎక్కడున్నా ఆలోచనే అని మీరేగా అంటారు. నా ఇంట్లో ఉంటే మీకు నొప్పేంటి?”

“ఉండటం కాదు, అక్కడ దానికి అర్థం మారిపోయింది. నా దగ్గర అది వాదం. మీ దగ్గర అది కవిత గురించిన మాట.”

“అంటే వాక్యం పక్కన ఏముందో దాన్ని బట్టి అర్థం ఉంటుందని ఒప్పుకున్నట్టేగా. ఇన్నాళ్లూ నేను చెప్పింది ఇంకేంటి?”

“నేను ఒప్పుకోలేదు. మీరే ఇప్పుడు అర్థం అంటే ఏంటని అడుగుతున్నారు. అది నా సబ్జెక్టు.”

ఇలా ఎంతసేపు సాగిందో. తాతయ్య మడిచిన ఏప్రన్ పట్టుకుని నిలబడే ఉన్నాడు. చివరికి శూన్యం మాస్టారు ఆయన వైపు తిరిగారు.

“నువ్వు చెప్పవయ్యా. రెండూ అక్షరం అక్షరం పేర్చినవాడివి. ఆ పేజీ నాదా, ఈయనదా?”

“అయ్యా, ముందు నా ఉద్యోగం ఉందో పోయిందో చెప్పండి” అన్నాడు తాతయ్య.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి, గదిలో ఇంకో మనిషి ఉన్నాడని. యజమాని లేచి నిలబడ్డారు. కుడిచెయ్యి లేచింది. చూపుడువేలు గోడ వైపు తిరుగుతోంది. ఆ వేలు ఎటు వెళ్తుందో తాతయ్యకి తెలుసు. కళ్లు మూసుకున్నాడు. జామకాయల బుట్ట కనిపించిందట.

“కాస్త ఆగండి” అన్నారు భూతద్దం గారు. “ఇతన్ని పంపించేస్తే, ఎందుకు పంపించారని ఊళ్లో అడుగుతారు.”

“అడిగితే?”

“ఏం చెప్తారు?”

వేలు గాల్లో ఆగింది.

“నాకైతే అడగకుండా ఉంటేనే బాగుంటుంది” అన్నారు శూన్యం మాస్టారు, మళ్లీ పైకప్పు చూస్తూ.

యజమాని వేలు మడిచి కూర్చున్నారు. ఇది జాలి కాదు. ఒకరి మీద జాలి పడేంత తీరిక ఆ రోజు ఆ గదిలో ఎవరికీ లేదు. పరువు పోతుందని ముగ్గురు, ఉద్యోగం పోతుందని ఒక్కడు, భయం భయాన్ని పట్టుకుని నిలబడింది.

“మరి పుస్తకంలో ఆ పేజీ ఎవరి దాంట్లో వెయ్యాలి?” అన్నారు యజమాని.

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. యజమాని చెయ్యెత్తి ఆపారు.

“రెంట్లోనూ వేస్తాను. మీ ఇద్దరివీ చదివేవాడు ఎక్కడా లేడు.” తర్వాత తాతయ్యని చూసి, “ఏప్రన్ కట్టుకో” అన్నారు.

తాతయ్య బల్ల దగ్గరికి వచ్చాడు కానీ ఏప్రన్ ముడి పడలేదు. పక్క బల్ల మనిషి వచ్చి వెనక ముడి వేసి, “ఏమన్నారు?” అని అడిగితే, “ఎన్ని పేజీలొస్తుందని అడిగారు” అన్నాడట. అబద్ధం కాదు కదా.

ఆ పేజీని పుస్తకం కోసం రెండుసార్లు పేర్చాడు. రెండోసారి పేరుస్తున్నప్పుడు మొదటిసారిగా చదివాడు. అందులో శూన్యం మాస్టారు అన్నది ఏమిటంటే: తలుపు వెనక ఏముందో తెలిసినవాడిది భయం కాదు, జాగ్రత్త. ఏముందో తెలియనివాడిదే భయం. అయితే తెలియనిదానికి మనం భయపడుతున్నామా, తెలుసుకోబోయే మనకే మనం భయపడుతున్నామా? ఇలాంటివి ఇరవై మూడు. తాతయ్య ప్రశ్నార్థకాలు లెక్కపెట్టుకుంటూ పేర్చాడు. ఈసారి చీటీలు పెన్సిలుతో రాశాడు.

పుస్తకం వచ్చింది. ఒకే పేజీన్నర రెండు చోట్ల ఉంది. యజమాని చెప్పినట్టే ఎవరూ ఏమీ అనలేదు. మా అమ్మ పుట్టింది. భూతద్దం గారు ఆ తర్వాత రాసిన వ్యాసాల్లో అక్కడక్కడా ప్రశ్నార్థకాలు రావడం మొదలైంది. శూన్యం మాస్టారి వ్యాసాలకి కొటేషన్ గుర్తులు కావలసి వచ్చాయి. ఇది పెద్దవాళ్లు ఎవరైనా పరిశోధిస్తే డిగ్రీ వస్తుంది. తాతయ్యకి మాత్రం రెండు గళ్లలోనూ ఎప్పుడూ సరుకు ఉంచుకోవలసి వచ్చింది, అంతే. అదే బల్ల దగ్గర ఇంకో ముప్పై ఐదేళ్లు నిలబడ్డాడు. ఎదురింట్లో ఎవరైనా తన వైపు వేలు చూపిస్తే ఇప్పటికీ లోపలికి వెళ్లిపోతాడు.

రాసింది మొత్తం మొన్న ఆయనకి చదివి వినిపించాను. కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, నిద్రపోయాడేమో అని రెండుసార్లు కాలు తట్టాను. అయిపోయాక అడిగాను: “తాతయ్యా, ఆ మాస్టారు భయం గురించి అంత పొడుగు వ్యాసం రాశాడు. భూతద్దం గారు దాని మీద పేరు తెచ్చుకున్నాడు. నిజానికి భయం గురించి ఆ ఇద్దరికంటే నీకే ఎక్కువ తెలుసు. చివర్లో పెట్టడానికి నీ నోటితో ఒక మంచి మాట చెప్పు.”

“ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అందులో మంచి మాట ఏముంటుందే, బుర్ర లేదా నీకు?” అన్నాడు.